12 వోల్టుల మోటారుకి పీడబ్ల్యూఎమ్: మాస్‌ఫెట్ వేడెక్కుతోంది, మోటారు కూస్తోంది, కాస్త వేగం తగ్గిస్తే మొరాయిస్తోంది

చిట్టిమోటారు

అందరికీ నమస్కారం. బ్రష్‌లున్న చిన్న డీసీ మోటారు వేగాన్ని పాట్ (తిప్పితే నిరోధం మారే రెసిస్టర్) తిప్పి, పీడబ్ల్యూఎమ్‌తో, అంటే కరెంటుని గబగబా ఆన్, ఆఫ్ చేస్తూ, తగ్గించాలి, పెంచాలి. పని అంతే. మోటారు 12 వోల్టులది, మామూలు లోడులో 0.8 ఆంపియర్ లాగుతుంది. రెండు టెర్మినళ్ల మధ్య మీటరు పెడితే 4 ఓమ్‌లు చూపిస్తోంది.

కనెక్షన్ ఇదీ: ఆర్డుయినో ఊనో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) 9వ పిన్ నుంచి 1 కిలో ఓమ్ మీదుగా ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్; గేటు, డ్రెయిన్, సోర్సు దాని మూడు కాళ్లు) గేటుకి, గేటు నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్. సోర్సు గ్రౌండ్‌కి, డ్రెయిన్ మోటారు మైనస్‌కి, మోటారు ప్లస్ నేరుగా 12 వోల్టులకి. మోటారుకి అడ్డంగా 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న కొస ప్లస్ వైపు. శబ్దం తగ్గుతుందని మోటారు టెర్మినళ్ల మీదే 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కూడా పెట్టాను. అడాప్టర్ 12 వోల్టులు, 2 ఆంపియర్లు. ఊనోకి కరెంటు కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి. రెండు గ్రౌండ్లూ కలిపాను.

ఇబ్బందులు నాలుగు. మాస్‌ఫెట్ రెండు నిమిషాల్లో వేలు పెట్టలేనంత వేడెక్కుతోంది. మోటారు సన్నగా గుయ్యిమంటూనే ఉంటోంది. అనలాగ్‌రైట్‌లో (ఊనోలో పీడబ్ల్యూఎమ్ ఇచ్చే ఆదేశం, 0 నుంచి 255 దాకా) 80 లోపు ఇస్తే కూత తప్ప కదలిక లేదు, 80 దాటగానే ఒక్కసారిగా పరుగెత్తుతుంది, తిరగడం మొదలయ్యాక మాత్రం 45 దాకా తగ్గించినా ఆగదు. ఇక నాలుగోది, మోటారు మొదలయ్యే క్షణంలో ఊనో అప్పుడప్పుడు రీసెట్ అవుతోంది.

తప్పు కోడ్‌లో ఉందా, సర్క్యూట్‌లోనా?

ఓమ్‌సూత్రం

సర్క్యూట్‌లోనే అండి, అదీ ఒక్క చోట కాదు. ముందు వేడి సంగతి చూద్దాం, ఎందుకంటే దాన్ని వదిలేస్తే మిగతావి పరీక్షించేలోపు మాస్‌ఫెట్ చేతికి రాదు.

ఆ 10 మైక్రోఫారడ్‌ని ఇప్పుడే పీకేయండి. మాస్‌ఫెట్ ఆన్ అయిన ప్రతిసారీ ఖాళీ కెపాసిటర్‌ని 12 వోల్టులకి నింపాలి. ఆ కరెంటుని ఆపడానికి మధ్యలో మాస్‌ఫెట్, వైర్ల నిరోధం తప్ప ఏమీ లేదు. మీ 9వ పిన్ పీడబ్ల్యూఎమ్ 490 హెర్ట్జ్ దగ్గర ఆఫ్ సమయంలో మోటారు దాన్ని పూర్తిగా ఖాళీ చేసేస్తుంది కాబట్టి ఒక్కో నింపుడుకి 0.72 మిల్లీజౌల్ వేడి కింద పోతుంది. సెకనుకి 490 సార్లు అంటే 0.35 వాట్లు, ఊరికే. మోటారు టెర్మినళ్ల మీద ఉండాల్సింది 100 నానోఫారడ్ సిరామిక్ మాత్రమే. అది బ్రష్‌ల నిప్పురవ్వల గోల కోసం, వోల్టేజిని నునుపు చేయడానికి కాదు. నునుపు చేసే పని మోటారు చుట్టే చేసుకుంటుంది.

తర్వాత రెండు కొలతలు కావాలి. అనలాగ్‌రైట్ 255 ఇచ్చి, మోటారు మామూలు లోడులో తిరుగుతుండగా, గేటుకీ సోర్సుకీ మధ్య ఎంత, డ్రెయిన్‌కీ సోర్సుకీ మధ్య ఎంత? మీటరు కొసలు నేరుగా మాస్‌ఫెట్ కాళ్ల మీదే ఆనించండి, బ్రెడ్‌బోర్డు మీద వేరే చోట కాదు.

చిట్టిమోటారు

కెపాసిటర్ తీశాను. గేటు దగ్గర 4.27 వోల్టులు. డ్రెయిన్, సోర్సు మధ్య 1.4 వోల్టులు. అంటే బాగా ఆన్ అయినట్టేనా?

ఓమ్‌సూత్రం

సగం తెరుచుకున్న కుళాయి అది. బాగా ఆన్ అయి ఉంటే ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ నిరోధం 17.5 మిల్లీఓమ్‌లు, 0.8 ఆంపియర్ దగ్గర 14 మిల్లీవోల్టులే కనిపించాలి. మీకు దానికి వంద రెట్లుంది. 1.4 వోల్టులని 0.8తో గుణిస్తే 1.12 వాట్లు. హీట్‌సింక్ లేని టీవో-220 ప్యాకేజీ వాటుకి 62 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది, అంటే గది ఉష్ణోగ్రత మీద ఇంకో 70 డిగ్రీలు. వేలు ఎందుకు నిలుస్తుంది?

కారణం గేటు. ఆ 17.5 మిల్లీఓమ్‌ల హామీ గేటుకి 10 వోల్టులు ఇచ్చినప్పటిది. డేటాషీట్‌లో థ్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టులు అని ఉంటుంది, చాలామంది ఆ 2ని చూసి 5 వోల్టులు చాలనుకుంటారు. థ్రెషోల్డ్ అంటే 250 మైక్రోఆంపియర్లు పారడం మొదలయ్యే చోటు, పూర్తిగా తెరుచుకునే చోటు కాదు. ఒక్కో పీసు 5 వోల్టులకే చక్కగా పనిచేస్తుంది, ఇంకోటి మీదానిలా 4 వోల్టుల అంచున వేలాడుతుంది. అందుకే ఒకరికి పనిచేసిన సర్క్యూట్ ఇంకొకరి చేతిలో కాలుతుంది.

దానికి తోడు మీ 1 కిలో, 10 కిలో కలిసి వోల్టేజ్ డివైడర్ అయిపోయాయి. యూఎస్‌బీ మీద పిన్ ఇస్తున్నది 4.7, అందులో పదకొండింట పది వంతులే గేటుకి చేరుతున్నాయి. లెక్క వేసుకోండి, సరిగ్గా 4.27. ఆ 10 కిలోని గేటు దగ్గర కాకుండా పిన్ వైపు, అంటే సిరీస్ రెసిస్టర్‌కి ముందు పెట్టండి. గేటుని కిందికి లాగే పని అలాగే చేస్తుంది, వోల్టేజి మాత్రం తినదు.

అసలు మందు ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్. పేరులో ఎఫ్ బదులు ఎల్. దాని థ్రెషోల్డ్ 1 నుంచి 2 వోల్టులు, 5 వోల్టుల గేటు దగ్గరే 25 మిల్లీఓమ్‌లని హామీ. కాళ్ల వరస ఒకటే కాబట్టి తీసి అక్కడే గుచ్చేయొచ్చు. సిరీస్ రెసిస్టర్‌ని 220 ఓమ్‌లకి దించండి. 100కి దించాలని ఉంటుంది కానీ ఊనో పిన్ గరిష్ఠ హద్దు 40 మిల్లీఆంపియర్లు, గేటు ఖాళీగా ఉన్న మొదటి క్షణంలో దాన్ని తాకుతారు.

కాయిల్‌మాష్టారు

వేడి గురించి పై ఆయన చెప్పింది సరే. కూత గురించి నేను.

ఊనోలో 9వ పిన్ పీడబ్ల్యూఎమ్ 490 హెర్ట్జ్. 5, 6 పిన్‌ల మీద 980. రెండూ చెవికి బాగా వినపడే చోటే. కరెంటు పెరిగి తగ్గే ప్రతిసారీ చుట్టూ, రేకులూ అదురుతాయి, అదే ఆ గుయ్యిమనే శబ్దం. 20 కిలోహెర్ట్జ్ పైకి తీసుకెళ్తే అదురు ఉంటుంది కానీ చెవికి అందదు. 3, 4 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం ఆపకండి, చెవి అన్నిటికంటే చురుగ్గా పట్టేది అక్కడే.

అయితే శబ్దం చిన్న విషయం. ఫ్రీక్వెన్సీ పెంచడానికి నా దృష్టిలో అసలు కారణం మోటారు వేడి. ఇండక్టెన్స్ 1 మిల్లీహెన్రీ అనుకుందాం, నిరోధం 4 ఓమ్‌లు. కరెంటు ఎదగడానికో, చావడానికో పట్టే కాలం వాటి నిష్పత్తి, 0.25 మిల్లీసెకను. 490 హెర్ట్జ్ దగ్గర ఒక్కో చక్రం 2 మిల్లీసెకన్లు. అంటే డ్యూటీ (ఒక్కో చక్రంలో ఆన్‌లో ఉండే వంతు) తక్కువున్నప్పుడు కరెంటు పైకి లేచి, ఆఫ్ అయ్యాక సున్నాకి పడి, మిగతా కాలమంతా నిద్రపోతుంది. మోటారుకి కరెంటు ధారగా కాదు, దెబ్బలుగా అందుతోంది. టార్క్ సగటు కరెంటుని బట్టి, చుట్టు వేడి కరెంటు వర్గాన్ని బట్టి. 25 శాతం డ్యూటీలో 2 ఆంపియర్ల దెబ్బలు కొడితే సగటు 0.5 ఆంపియర్, వేడి 4 వాట్లు. అదే 0.5 ఆంపియర్ నిలకడగా పారితే వేడి 1 వాట్. టార్క్ ఒకటే, వేడి నాలుగు రెట్లు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర చక్రం 50 మైక్రోసెకన్లే కాబట్టి కరెంటు పడిపోయే తీరిక ఉండదు, దాదాపు గీత గీసినట్టు ఉంటుంది.

ఊనోలో ఎలా అంటే: 9, 10 పిన్‌ల పీడబ్ల్యూఎమ్‌ని నడిపేది చిప్‌లోని టైమర్ 1. మోడ్ 10 వాడండి, ఫేజ్ కరెక్ట్ (పైకి లెక్కపెట్టి మళ్లీ కిందికి దిగేది), లెక్క పై హద్దు ఐసీఆర్1 రిజిస్టర్‌లో. టీసీసీఆర్1ఏలో కామ్1ఏ1, డబ్ల్యూజీఎమ్11 బిట్లు 1 చేయండి. టీసీసీఆర్1బీలో డబ్ల్యూజీఎమ్13, సీఎస్10. ఈ రెండు రిజిస్టర్లలో మిగతా బిట్లన్నీ సున్నా. ఐసీఆర్1లో 400. 16 మెగాహెర్ట్జ్‌ని 800తో భాగిస్తే సరిగ్గా 20 కిలోహెర్ట్జ్. డ్యూటీ ఓసీఆర్1ఏలో 0 నుంచి 400 వరకు రాయాలి. పిన్‌ని అవుట్‌పుట్‌గా పెట్టడం మరిచిపోకండి.

ఫాస్ట్ మోడ్ 14తో కూడా 20 కిలోహెర్ట్జ్ వస్తుంది, కానీ అందులో ఓసీఆర్1ఏకి సున్నా ఇచ్చినా ప్రతి చక్రంలో ఒక సన్నని పల్సు మిగిలిపోతుంది. ఫేజ్ కరెక్ట్‌లో సున్నా అంటే సున్నానే.

సర్వో లైబ్రరీ కూడా టైమర్ 1నే పట్టుకుంటుంది, రెండూ కలిపి వాడితే కొట్టుకుంటాయి. 5, 6 పిన్‌ల జోలికి మాత్రం వెళ్లకండి, అవి టైమర్ 0వి. దాన్ని కదిలిస్తే డిలే, మిల్లిస్ లెక్కలన్నీ తప్పుతాయి.

స్కోప్‌పచ్చగీత

కాయిల్‌మాష్టారు గారి మాటకి ఒక హెచ్చరిక చేర్చాలి. ఫ్రీక్వెన్సీ పెంచే ముందు ఆ 1 కిలో ఓమ్ మార్చారా లేదా చూసుకోండి. వరస తప్పితే కొత్త మాస్‌ఫెట్ కూడా పాతదానిలాగే కాలుతుంది.

గేటు అంటే తీగ కాదు, నింపాల్సిన చెంబు. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్‌లో డ్రెయిన్ వోల్టేజి కిందికి దిగే ఆ మెట్టు దాటాలంటే 25 నానోకూలంబుల దాకా చార్జి పోయాలి. ఆ మెట్టు మీద గేటు సుమారు 3 వోల్టుల దగ్గర ఆగి ఉంటుంది. 4.7లోంచి 3 తీస్తే 1.7 వోల్టులు, 1 కిలో మీదుగా 1.7 మిల్లీఆంపియర్లు. 25ని 1.7తో భాగించండి, దాదాపు 15 మైక్రోసెకన్లు. చక్రం మొత్తం 50 మైక్రోసెకన్లు! ఆన్ అవడానికి 15, ఆఫ్ అవడానికి ఇంకో 8 పోతే సగం కాలం మాస్‌ఫెట్ అటూ ఇటూ కాకుండా మధ్యలో వేలాడుతుంది. స్కోప్ (వోల్టేజి మార్పుల్ని గీసి చూపే పరికరం) ఉంటే డ్రెయిన్ మీద చూడండి, చతురస్రాలు కనపడాల్సిన చోట ఏటవాలు గోడలు కనపడతాయి.

220 ఓమ్‌లతో ఆ 15 కాస్తా మూడున్నరకి దిగుతుంది, ఆఫ్ రెండుకి. అప్పుడు మీ 0.8 ఆంపియర్ దగ్గర స్విచింగ్ వేడి సుమారు అర వాట్. హీట్‌సింక్ లేకుండానే నిలబడుతుంది, వెచ్చగా ఉంటుందంతే. అది కూడా వద్దనుకుంటే టీసీ4427 లాంటి గేట్ డ్రైవర్ పెట్టి, దాన్ని 12 వోల్టుల మీద నడపండి. ఊనో 5 వోల్టుల సిగ్నల్‌ని అది 12 చేసి గేటుకి 1.5 ఆంపియర్ దాకా తోస్తుంది, అంచులు మైక్రోసెకను లోపే. అలా అయితే మీ దగ్గరున్న పాత ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ కూడా దర్జాగా పనిచేస్తుంది. టీసీ4426 కొనకండి, అది సిగ్నల్‌ని తలకిందులు చేస్తుంది, పాట్ సున్నాలో ఉంటే మోటారు పూర్తి వేగంతో తిరుగుతుంది.

డయోడ్ కూడా మార్చాలి. 1ఎన్4007 మెయిన్స్‌ని సరిదిద్దడానికి పుట్టింది, ముందుకి పారుతున్నప్పుడు వోల్టేజి తిరగబడితే మూసుకోవడానికి మైక్రోసెకన్లు తీసుకుంటుంది. ఆ మైక్రోసెకన్లలో మాస్‌ఫెట్ నేరుగా 12 వోల్టులకి షార్ట్ అయినట్టే. 490 దగ్గర పట్టించుకోనక్కర్లేదు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర ప్రతి 50 మైక్రోసెకన్లకీ అదే తంతు. షాట్కీ డయోడ్ (వెంటనే మూసుకునే రకం) వేయండి. ఎంత ఆంపియర్లదన్న లెక్క: ఆఫ్ సమయంలో మోటారు కరెంటు మొత్తం డయోడ్‌లోంచే తిరుగుతుంది. షాఫ్టు ఇరుక్కుపోయి డ్యూటీ సగంలో ఉంటే మోటారులో 1.5 ఆంపియర్లు, డయోడ్‌లో సగటున 0.75. అదే గడ్డు పరిస్థితి, అంతకు మించదు. 1 ఆంపియర్ 1ఎన్5819 సరిపోతుంది, 3 ఆంపియర్ల 1ఎన్5822 అయితే నిశ్చింత.

చిట్టిమోటారు

ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్, 220 ఓమ్‌లు, పిన్ వైపు 10 కిలో, 1ఎన్5822. డ్రెయిన్ మీద ఇప్పుడు 20 మిల్లీవోల్టులు! చల్లగా ఉంది. తర్వాత టైమర్ సెట్ చేశాను, కూత పోయింది. కానీ వింత ఒకటి. పాట్ చివరిదాకా తిప్పితే పూర్తి వేగం, అక్కడినుంచి పిసరు వెనక్కి తిప్పగానే వేగం అమాంతం పడిపోతోంది. పాట్ మార్చి చూశాను, అదే తీరు.

కాయిల్‌మాష్టారు

సెటప్‌లో టైమర్ మార్చి, లూప్‌లో అనలాగ్‌రైట్ అలాగే ఉంచేశారు. అవునా? అనలాగ్‌రైట్ 255ని చూస్తే పీడబ్ల్యూఎమ్ మాని పిన్‌ని నేరుగా హై చేస్తుంది. 254 ఇస్తే ఆ 254ని ఓసీఆర్1ఏలో రాస్తుంది. మీ పై హద్దు ఇప్పుడు 255 కాదు, 400. 254 అంటే 63 శాతమే. పాట్ తప్పేం లేదు.

లూప్‌లో నేరుగా ఓసీఆర్1ఏకే రాయండి. పాట్ రీడింగ్‌ని 400తో గుణించి 1023తో భాగించేటప్పుడు ముందు లాంగ్‌లోకి (పెద్ద సంఖ్యలు పట్టే రకం) మార్చండి, ఊనోలో ఇంట్ (మామూలు పూర్ణాంకం) 32767 దాటితే తిరగబడుతుంది. 1023ని 400తో గుణిస్తే నాలుగు లక్షల పైమాటే. అది మరిచిపోతే పాట్ తిప్పుతుంటే వేగం పెరిగి తగ్గి పెరిగి తగ్గి వెర్రెత్తినట్టు ప్రవర్తిస్తుంది.

ఓమ్‌సూత్రం

ఇక మొరాయింపు సంగతి. ఆగి ఉన్న షాఫ్టుని కదపడానికి కావలసిన టార్క్ తిరుగుతున్నదాన్ని తిప్పడానికి కావలసినదానికంటే ఎక్కువ. బ్రష్‌లు, బేరింగు, గేరు ఉంటే గ్రీజు, అన్నీ పట్టుకుంటాయి. మీ 80కీ 45కీ మధ్య తేడా అదే. లోపం కాదు, మోటారు స్వభావం. పైగా 20 కిలోహెర్ట్జ్‌కి మారాక మొదలయ్యే చోటు ఇంకా పైకి జరుగుతుంది, ఆశ్చర్యపోకండి. ఇదివరకు ఆ 490 హెర్ట్జ్ దెబ్బలే షాఫ్టుని కాస్త కదిపేవి.

మందు తోపు. మోటారు ఆగి ఉండి, పాట్ సున్నా నుంచి పైకి కదిలితే, ముందు 240 (అంటే 60 శాతం) 70 మిల్లీసెకన్లు ఇచ్చి, తర్వాత పాట్ అడిగిన విలువకి దిగండి. పూర్తి 400 ఇవ్వకండి. 12ని 4తో భాగిస్తే 3 ఆంపియర్లు, మీ అడాప్టర్ 2 ఆంపియర్లది. అది తనని తాను కాపాడుకోవడానికి ఆగి మళ్లీ లేస్తుంది, మీకేమో మోటారు దగ్గుతున్నట్టు కనిపిస్తుంది. 60 శాతం దగ్గర మోటారులో 1.8 ఆంపియర్లు, అడాప్టర్ నుంచి తీసేది అందులో 60 శాతమే, 1.1 ఆంపియర్ లోపు. మిగతాది డయోడ్ గుండా తిరిగే కరెంటే.

ఈ లెక్క నిజమవ్వాలంటే 12 వోల్టుల మీద, మోటారు ప్లస్‌కీ మాస్‌ఫెట్ సోర్సుకీ వీలైనంత దగ్గరగా 1000 మైక్రోఫారడ్ 25 వోల్టులది ఉండాలి. పల్సులన్నీ అది ఇచ్చుకుంటుంది, అడాప్టర్ సగటు మాత్రమే చూస్తుంది. మీ దగ్గర అది లేదు. ఉన్న కెపాసిటర్‌ని సప్లై మీద పెట్టాల్సింది పోయి మోటారు మీద పెట్టారు. ఆ 10 మైక్రోఫారడ్ ఇంకా అక్కడే ఉండి ఉంటే, 20 కిలోహెర్ట్జ్ దగ్గర పాట్ సగంలో ఉన్నా మోటారు దాదాపు పూర్తి వేగంతో తిరిగేది. 25 మైక్రోసెకన్ల ఆఫ్‌లో 0.8 ఆంపియర్ దాన్ని 2 వోల్టులే దించగలదు మరి.

స్కోప్‌పచ్చగీత

తోపు ఇచ్చినా 15, 20 శాతంలో నిలకడగా నెమ్మదిగా తిరగాలంటే కష్టం. ఇక్కడ మాత్రం మాష్టారు గారితో నాకు పేచీ ఉంది. గేరు లేని చిన్న మోటారుని బాగా నెమ్మదిగా పాకించాలంటే 60, 100 హెర్ట్జ్ దగ్గరి దెబ్బలే మేలు, ప్రతి పల్సూ ఘర్షణని విడగొడుతుంది. వేడి ఎక్కువే, కానీ ఆ వేగంలో ఎంతసేపు నడుపుతారు?

కాయిల్‌మాష్టారు

పది సెకన్లకైతే ఒప్పుకుంటాను. గంటసేపైతే ఒప్పుకోను. ఆ వేగంలో మోటారు తనకు తాను గాలి కూడా విసురుకోలేదు. నెమ్మది కావాలంటే గేరున్న మోటారు తీసుకోవడమే దారి. లోడు పడితే వేగం తగ్గకూడదనుకుంటే అది ఇంకో కథ. పీడబ్ల్యూఎమ్ వోల్టేజిని తగ్గిస్తుంది తప్ప వేగాన్ని పట్టి ఉంచదు. దానికి ఎన్‌కోడరో (షాఫ్టు తిరుగుడుని కొలిచే సెన్సర్), లేదా 2 మిల్లీసెకన్లు పల్సులు ఆపి మోటారు తిరిగి పుట్టించే వోల్టేజి కొలవడమో కావాలి.

ఓమ్‌సూత్రం

రీసెట్ మిగిలింది. గ్రౌండ్లు కలిపానన్నారు, ఎక్కడ కలిపారన్నదే ప్రశ్న. అడాప్టర్ మైనస్ ఊనో గ్రౌండ్ పిన్‌లోకి వెళ్లి, అక్కడినుంచి ఇంకో జంపరు వైరు మాస్‌ఫెట్ సోర్సుకి వెళ్తుంటే, మోటారు కరెంటంతా ఊనో బోర్డు గుండా పారుతోంది. సన్నని జంపర్లూ, బ్రెడ్‌బోర్డు పట్టీలూ కలిపి 0.2 ఓమ్ ఉన్నా 1.8 ఆంపియర్లకి 0.36 వోల్ట్ గ్రౌండ్ పైకి లేస్తుంది. అడాప్టర్ మైనస్ నేరుగా సోర్సు కాలుకి, కాస్త మందం వైరుతో. సోర్సు కాలు నుంచి ఊనో గ్రౌండ్‌కి వేరే ఒక సన్న వైరు. పాట్ గ్రౌండ్ ఊనో దగ్గర్నుంచే, మోటారు వైపు నుంచి కాదు, లేకపోతే రీడింగ్ వణుకుతుంది.

మోటారు మీద 100 నానోఫారడ్‌ని టెర్మినళ్లకే సోల్డర్ చేయండి, బోర్డు మీద పెడితే మధ్యలో వైరు యాంటెన్నాలా గోల వెదజల్లుతుంది. మోటారు వైర్లు రెండూ మెలిపెట్టండి.

చిట్టిమోటారు

మీరు చెప్పినట్టే, సోర్సుకి వెళ్లే గ్రౌండ్ ఊనో మీదుగానే ఉంది. మార్చాను, 1000 మైక్రోఫారడ్ పెట్టాను. యాభై సార్లు ఆన్, ఆఫ్ చేసినా రీసెట్ లేదు. తోపుతో 22 శాతం దగ్గర కూడా లేస్తోంది. చివరిగా ఒకటి: మిగిలిన ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ పనికిరానట్టేనా?

స్కోప్‌పచ్చగీత

ఎందుకు పనికిరాదు? ఊనో లేకుండా 555 టైమర్ చిప్‌తో ఇదే సర్క్యూట్ కట్టండి. 12 వోల్టుల మీద నడిపితే 555 అవుట్‌పుట్ 10 వోల్టుల పైనే ఉంటుంది, జెడ్44ఎన్‌కి సరిగ్గా కావలసింది అదే. సప్లై నుంచి 7వ కాలుకి 1 కిలో. 7వ కాలు నుంచి 100 కిలో పాట్ మధ్య కాలుకి. పాట్ రెండు చివర్ల నుంచి రెండు 1ఎన్4148లు, ఎదురెదురు దిశల్లో, 2, 6 కాళ్లు కలిపిన చోటుకి. అక్కడినుంచి గ్రౌండ్‌కి 680 పికోఫారడ్. నింపడం ఒక డయోడ్ గుండా, ఖాళీ చేయడం రెండోదాని గుండా కాబట్టి పాట్ ఎటు తిప్పినా ఫ్రీక్వెన్సీ దాదాపు 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఉండి డ్యూటీ ఒక్కటే మారుతుంది. 3వ కాలు నుంచి 47 ఓమ్‌ల మీదుగా గేటుకి. 4వ కాలు సప్లైకి కట్టండి, 5వ కాలుకి 10 నానోఫారడ్ గ్రౌండ్‌కి, 555 కాళ్ల దగ్గరే సప్లై మీద ఇంకో 100 నానోఫారడ్. ఆ చివరిది మానేస్తే మోటారు గోలకి 555 దారి తప్పి పల్సులు ఎగరగొడుతుంది.